నాలుగు పాయింట్ల గ్లెండా

ఓల్డమ్
మార్చి 6

ఒసే మో,

కూర్చుని చదువు. నిలబడి చదివితే కళ్ళు తిరిగి పడతావు, అప్పుడు నిన్ను చూడ్డానికి కూడా ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది.

వైకల్య భృతి వాళ్ళ ఉత్తరం వచ్చింది. నా కేసు మళ్ళీ మొదటి నుంచి అంచనా వేస్తున్నారని, జనవరిలో ఒకావిడ ఇంటికొచ్చి గంటసేపు ప్రశ్నలడిగి వెళ్ళిందని రాశాను కదా. దాని ఫలితం ఇది. నడక విషయంలో నాకు నాలుగు పాయింట్లు వేశారు. ఆ భృతి మీద పథకం వాళ్ళిచ్చిన కారు నా దగ్గర ఉండాలంటే పన్నెండు కావాలి. పదకొండేళ్ళ నరాల జబ్బుతో ఎడమ కాలు నా మాట వినడం మానేసినా, నేను రెండు వందల మీటర్ల దాకా హాయిగా నడవగలనట. ఎంత నమ్మకంగా రాశారంటే, చదవగానే నేనే లేచి నడవబోయాను.

మే నెలలో కారు అప్పజెప్పాలి. చేత్తోనే బ్రేకు వేసుకునే ఆ కారు లేకపోతే నాకు గురువారం లేదు. గురువారాలు పేట హాల్లో ముసలివాళ్ళకి పెట్టే భోజనాలు వండటానికి నేను వెళ్ళకపోతే కస్టర్డ్ మార్జరీ చేతికి పోతుంది. బడి వంటింట్లో ఇరవై రెండేళ్ళు నా పక్కన నిలబడ్డదానివి, మార్జరీ కస్టర్డ్ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. వారంలో మిగతా ఆరు రోజులూ నాకు ఈ కిటికీ, ఎదురింటి చెత్తబుట్టలూ తప్ప వేరే లోకం లేదు.

నివేదికలో ఏం రాసిందో విను. "ఇల్లు పరిశుభ్రంగా ఉంది. జుట్టు దువ్వుకుని, లిప్‌స్టిక్ వేసుకుని ఉంది. ఊతకర్ర, వాకర్ వంటివి కనబడలేదు. అతిథికి టీ పోసి ఇచ్చింది. తాను బాగానే ఉన్నానని చెప్పింది. నలభై మందికి వంట చేస్తానని చెప్పింది."

ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే నా ఏడుపు. ఆఫీసు నుంచి మనిషి వస్తుంటే ఇల్లు ఎలా ఉంచుతాం? డాక్టరు వస్తున్నాడంటే మా అమ్మ జ్వరంతో లేచి గుమ్మం తోమేది. నేను తోమలేను కాబట్టి పక్కింటి రుఖ్సానా తోమింది. వాకర్‌ని మెట్ల కింద అరలో దాచాం. స్నానాల కుర్చీని వాళ్ళింటికి పంపేశాం. టీ కూడా రుఖ్సానాయే పెట్టి వెళ్ళింది, నేను కప్పులోకి వంచానంతే. ఆవిడ "ఎలా ఉన్నారండీ?" అని అడిగింది. "బాగానే ఉన్నానండీ, మీరెలా ఉన్నారు?" అన్నాను. ఇంకేమంటాను చెప్పు!

నవ్వు రానిది ఒక్కటే. నరాల డాక్టరు రాసిన ఉత్తరం, నాకు ఇంట్లో ఏ సాయం కావాలో చూడ్డానికి ఆస్పత్రి నుంచి వచ్చి ఇల్లంతా కొలిచి వెళ్ళిన అమ్మాయి రాసిన ఆరు పేజీలు, అన్నీ ముందే పంపాను. "పరిశీలించిన ఇతర ఆధారాలు" అన్న చోట "ఏవీ లేవు" అని ఉంది.

నీ నాలుగు పాయింట్ల
గ్లెండా


స్ట్రామ్‌నెస్
మార్చి 15

గ్లెండా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వాకర్‌ని దాచావా? నిప్పు ఆర్పడానికి వచ్చినవాళ్ళ ముందు మంట మీద దుప్పటి కప్పి "ఏం లేదండీ, టీ తాగుతారా" అంటావా నువ్వు?

నీ ఉత్తరం ఎర్లెండ్‌కి చదివి వినిపించాను. మా ఆయన సంగతి నీకు తెలుసు, పడవ మీద వంట చేసేటప్పుడు మాట్లాడడు, ఒడ్డుకొచ్చాక అసలే మాట్లాడడు. అలాంటి మనిషి చెంచా కింద పెట్టి, "అన్యాయం" అన్నాడు. ఈ వారానికి ఆయన మాటలు అయిపోయాయి. కాబట్టి మిగతావన్నీ నేనే అనాలి.

నెల లోపల పునఃపరిశీలన అడగాలట. ఇక్కడ తపాలా ఆఫీసులో కనుక్కున్నాను. గట్టిగా రాయి. "మీరు నా కాగితాలు చదవలేదు" అని మొదటి వాక్యంలోనే రాయి. నరాల డాక్టరు ఉత్తరానికి మళ్ళీ నకలు తీసి జత చెయ్యి. నలభై మందికి వంట అంటే ఏమిటో విడమరిచి చెప్పు. నువ్వు ఎత్తు కుర్చీలో కూర్చుని గరిటె తిప్పుతావు, గిన్నెలు ఎత్తేది, కూరలు తరిగేది, తోమేది వేరేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒక వంటింటిని ఏలినదానివి, ఆ గొప్ప మానుకోలేక ఆవిడ ముందు కోతలు కోశావు. నాకు తెలియదా నీ సంగతి!

ఫోన్ చేద్దామంటే నా చెవికి సగమే వినబడుతుంది, నీకు పది నిమిషాలకే ఓపిక అయిపోతుంది. అందుకని కాగితం మీదే అడుగుతున్నాను, దాటెయ్యకుండా చెప్పు. మెట్లు ఎలా ఎక్కుతున్నావు?

మో


ఓల్డమ్
మే 2

మో,

నువ్వు చెప్పినట్టే గట్టిగా రాశాను. నమ్మవని నకలు పెడుతున్నాను.

"అయ్యా లేక అమ్మా, మీ విలువైన సమయం వృథా చేస్తున్నందుకు క్షమించండి. మీరు పంపిన ఆవిడ చాలా మర్యాదస్తురాలు, ఆవిడ మీద నాకే ఫిర్యాదూ లేదు. కాకపోతే ఎక్కడో చిన్న పొరపాటు జరిగిందేమోనని నా అనుమానం. నరాల డాక్టరుగారి ఉత్తరం మరోసారి జతచేస్తున్నాను. వీలు చూసుకుని ఒకసారి చూడగలరు. తొందరేం లేదు."

వాళ్ళు వీలు చూసుకున్నారు. "మీ కేసును మళ్ళీ పూర్తిగా పరిశీలించాం. నిర్ణయం మార్చవలసిన అవసరం కనబడలేదు" అని నిన్న జవాబు వచ్చింది. నాలుగు నాలుగులాగే ఉంది. కాగితం మాత్రం మంచిది, దళసరిగా ఉంది.

పై మెట్టు ట్రిబ్యునల్ అట. రుఖ్సానా వాళ్ళ మామయ్య తన్వీర్ గారని, సలహా కేంద్రంలో కూర్చుంటాడట. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్ తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు జనాలకి ఊరికే ఇలాంటి కేసులు రాసిపెడుతున్నాడు. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. నాకన్నా కష్టంలో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు?

వచ్చే మంగళవారం కారు తీసుకెళ్ళడానికి వస్తున్నారు. లోపలంతా తుడిపించాలి, సీటు కింద బిస్కెట్ పొడి ఉంది. పరాయివాళ్ళ చేతికి అలా ఇస్తే బాగోదు.

మెట్లా? పదమూడున్నాయి. ఎప్పట్లాగే ఉన్నాయి.

ఎర్లెండ్‌ని అడిగానని చెప్పు. జవాబు అక్కర్లేదు.

గ్లెండా


స్ట్రామ్‌నెస్
మే 9

తొందరేం లేదా? తొందరేం లేదా!

నీ ఉత్తరం చదివి వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. ఎర్లెండ్ కుక్కను తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తన్వీర్ గారి దగ్గరికి వెళ్ళు. బాగా ఇబ్బంది పెట్టు. ఇబ్బంది పడటానికే కదా ఆయన అక్కడ కూర్చున్నది! నీకన్నా కష్టంలో ఉన్నవాళ్ళ కష్టం నువ్వు కారు వదులుకుంటే తీరుతుందా? వాళ్ళకేమైనా ఇస్తారా ఆ కారు? నువ్వు వెళ్ళలేనంటే ఆయన్నే ఇంటికి రమ్మను. వచ్చినప్పుడు గుమ్మం తోమించావని తెలిసిందో, నేనే పడవెక్కి వచ్చి దాని మీద బురద పోస్తాను.

మెట్లు ఎన్నని అడగలేదు.

మో


ఓల్డమ్
జూన్ 20

ప్రియమైన మో,

కారు వెళ్ళిపోయింది. వచ్చిన అతను మంచివాడు, పాపం నడుము నొప్పట. టీ ఇచ్చాను. "మీ కారు ఇలా తీసుకెళ్ళడం నాకే ఇబ్బందిగా ఉందమ్మా" అన్నాడు. "దానికి మీరేం చేస్తారు నాయనా" అని ఇంకో కప్పు పోశాను. మలుపు తిరిగేటప్పుడు అతను ఇండికేటర్ వెయ్యలేదు. అది మాత్రం నాకు నచ్చలేదు.

తన్వీర్ గారు వచ్చారు. గుమ్మం తోమించలేదు, ఒట్టు. ఆయన నివేదిక మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇందులో ఉన్నావిడ ఎవరమ్మా?" అన్నారు.

"నేనేనండీ."

"ఈవిడకి నేనైతే రెండు పాయింట్లే ఇచ్చేవాణ్ణి" అన్నారు.

అప్పీలు కాగితాలు ఆయనే నింపారు. ప్రశ్నలు ఎలా ఉంటాయంటే మో, మా ఆయన బతికుండగా ఆయనకే చెప్పనివి. నడుము కిందిభాగం కడుక్కోగలరా, టాయ్‌లెట్‌కి వేళకి చేరగలరా. నేను కిటికీ వైపు చూసి "ఏదో సర్దుకుంటున్నానండీ" అన్నాను. రెండు వారాల పాటు రోజువారీ డైరీ రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాయాలట. రాసి చూపించాను.

సోమవారం: పర్వాలేదు.
మంగళవారం: పర్వాలేదు.
బుధవారం: కాస్త అలసట. పర్వాలేదు.
గురువారం: వాన.

ఆయన అది చదివి, మడిచి నాకే ఇచ్చేశారు. తర్వాత, "అమ్మా గ్లెండా, టికెట్ లేకుండా దొరికిపోయినవాళ్ళు కూడా నాతో ఇంతకన్నా ఎక్కువ నిజం చెప్పారు" అన్నారు.

పగలబడి నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు ఉదయం పది. ఇప్పుడు మీరు మహారాణిలా ఉన్నారు. మళ్ళీ రెండింటికి వస్తాను, చూస్తాను" అన్నారు. రెండింటికి రావద్దని చెప్పాను. ఆ వేళప్పుడు నన్ను ఎవరూ చూడ్డం నాకిష్టం లేదు.

ఈ ఉత్తరం మూడు పొద్దుటి పూటలు రాశాను. చేతిరాత మారినట్టు కనబడితే అది కలం తప్పు.

గ్లెండా


ఓల్డమ్
ఆగస్టు 11

మో,

జూన్‌లో రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు లేదు. అలిగావా, పడవ మునిగిందా?

ట్రిబ్యునల్ నుంచి కట్ట వచ్చింది. నా కేసు కాగితాలన్నీ కలిపి నూట నలభై ఎనిమిది పేజీలు. పోస్టమ్మాయి రెండు చేతులతో మోసుకొచ్చింది. తొంభై ఒకటో పేజీలో ఏముందో తెలుసా? నరాల డాక్టరు ఉత్తరం! ఆఫీసు వాళ్ళ ముద్రతో, పోయిన నవంబరు తేదీతో! అంటే ఆవిడ "ఏవీ లేవు" అని రాసేనాటికి రెండు నెలల ముందు నుంచే అది వాళ్ళ దగ్గరే ఉందన్నమాట. ఇల్లు కొలిచిన అమ్మాయి ఆరు పేజీలూ దాని వెనకే ఉన్నాయి. అందులో మూడో పేజీ తలకిందులుగా ఉంది. తలకిందులుగా ఉన్నదాన్ని ఎవరూ తిప్పలేదంటే ఎవరూ చదవలేదనే కదా అర్థం? తన్వీర్ గారు అది చూసి మొదటిసారి నవ్వారు.

విచారణ నవంబరులో. నేనే వెళ్ళి ముగ్గురి ముందు కూర్చుని మాట్లాడాలట.

గురువారాలు వెళ్ళడం లేదు. వానలు ఎక్కువగా ఉన్నాయి.

గ్లెండా


స్ట్రామ్‌నెస్
ఆగస్టు 23

గ్లెండా,

ఓల్డమ్‌లో వానకి భయపడి ఇంట్లో కూర్చున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. హాలుకి ఫోన్ చేశాను. మార్జరీ ఎత్తింది. నువ్వు కారు పోయినప్పటి నుంచి ఒక్కసారీ రాలేదని చెప్పింది. ముసలివాళ్ళు కస్టర్డ్ అలాగే వదిలేస్తున్నారని కూడా చెప్పింది, పాపం ఆవిడే చెప్పింది.

నేను అలగలేదు. ఒక కాగితం రాస్తూ ఉన్నాను. నాలుగుసార్లు రాసి చింపాను. అందులో ఏముందో నీకు ముందు చెప్పాలి.

పోయిన ఏడాది ఆగస్టులో నాలుగు రోజులు మీ ఇంట్లో ఉన్నాను కదా. రెండో రోజు మధ్యాహ్నం బజారుకి వెళ్ళాను. వీధి చివరిదాకా వెళ్ళాక గొడుగు మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. తలుపు తెరిచేసరికి నువ్వు మెట్ల మీద ఉన్నావు. నిలబడి కాదు. మోకాళ్ళ మీద ఉన్నావు. ఒక చెయ్యి పై మెట్టు మీద పెట్టి, ఇంకో చేత్తో ఎడమ కాలిని పట్టుకుని పైకి లాగుతున్నావు. ఆరో మెట్టు దగ్గర ఆగిపోయావు. మెట్టు మీద తల ఆనించి పడుకున్నావు. బాత్రూమ్ పైన ఉంది, నువ్వు ఇంకా కిందే ఉన్నావు. అప్పటికే ఆలస్యమైపోయిందని నాకు కనబడింది.

నేను తలుపు చప్పుడు కాకుండా మూసి, వానలో పదకొండు నిమిషాలు నిలబడ్డాను. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. తర్వాత బెల్లు కొట్టి, పాట పాడుకుంటూ లోపలికి వచ్చాను. నువ్వు అప్పటికి వేరే గౌను వేసుకుని కిందికి దిగావు. "ముద్దగా తడిసి వచ్చావేమిటే, బుద్ధి లేదూ" అని తిట్టావు. నవ్వుతూ టీ తాగాం.

ఆ ఆఫీసావిడ నీ కాగితాలు చూడలేదని మార్చి నుంచీ తిడుతున్నాను. ఆవిడ చూడనిది కాగితాల్ని. నేను నిన్నే చూసి, చూడనట్టు ఊరుకున్నాను. నీకు అదే ఇష్టమని అనుకున్నాను. నిజానికి ఏం చెయ్యాలో తెలియక భయపడ్డాను. సిగ్గుగా ఉంది గ్లెండా.

అదంతా ఒక పేజీలో రాసి, సంతకం చేసి, తన్వీర్ గారికి పంపాను. నిన్న పోస్టు చేశాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు.

మో


ఓల్డమ్
ఆగస్టు 30

శ్రీమతి మోరీన్ ఫ్లెట్ గారికి,

మీ ఉత్తరం అందినది. ఇతరుల ఇంటి తలుపు తెరిచేముందు బెల్లు కొట్టడం మర్యాద అని మీకు గుర్తు చేయడమైనది.

నా ఇంటి మెట్ల గురించి, నా గౌను గురించి ముగ్గురు అపరిచితుల ముందు చదవడానికి మీరు కాగితం రాసి పంపారని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నలభై ఏళ్ళ స్నేహంలో మీరు నాకు చేసిన మేళ్ళన్నిటిలో ఇది మొదటి వరుసలో ఉంటుంది.

మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. జవాబు రాయవలసిన అవసరం లేదు.

ఇట్లు
శ్రీమతి గ్లెండా ఆగ్డెన్


స్ట్రామ్‌నెస్
సెప్టెంబరు 5

శ్రీమతి గ్లెండా ఆగ్డెన్ గారి సముఖమునకు,

తమరి తాఖీదు చేరినది. తమరు జవాబు వద్దని సెలవిచ్చినారు. దాసురాలు పుట్టి బుద్ధెరిగి తమరి మాట విన్న పాపాన పోలేదు గనుక జవాబు రాయుచున్నది.

గ్లెండా, తిట్టు. నీ దగ్గరున్న తిట్లన్నీ తిట్టు, బడి వంటింట్లో వేడి పళ్ళెం నీ కాలి మీద వేసినప్పుడు తిట్టినట్టు తిట్టు. "శ్రీమతి" మాత్రం అనకు.

తన్వీర్ గారికి రాశాను. ఆ కాగితం పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. నువ్వు వద్దన్న మరుక్షణం ఆయన దాన్ని వెనక్కి తీసుకుంటారు. కేసు పోతే పోనీ. నువ్వు నాతో మాట్లాడకపోతే మాత్రం నేను తట్టుకోలేను. ఎర్లెండ్ మాట్లాడడు, కుక్క మాట్లాడదు, నాకు ఈ దీవి మీద నీ ఉత్తరాలు తప్ప ఇంకేముంది చెప్పు.

మో


స్ట్రామ్‌నెస్
అక్టోబరు 14
(పోస్టుకార్డు)

బతికే ఉన్నావా? అవును / కాదు. ఏదో ఒకటి కొట్టేసి ఇదే కార్డు వెనక్కి పంపు.


ఓల్డమ్
నవంబరు 21

మో,

ఇది ఐదు పొద్దుటి పూటలు రాసిన ఉత్తరం. మొదటి నుంచి చదువు, చివర పేజీకి దూకకు. నీ అలవాటు నాకు తెలుసు.

నీ కాగితం తీసెయ్యమని చెబుదామని తన్వీర్ గారికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఆయన ఎత్తగానే వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను. అలా విచారణ రోజు వచ్చేసింది.

మాంచెస్టర్‌కి టాక్సీలో వెళ్ళాం, నేను, రుఖ్సానా, తన్వీర్ గారు. వాకర్ తీసుకెళ్ళాను. లిప్‌స్టిక్ వేసుకోలేదు. రుఖ్సానా నన్ను చూసి "ఆంటీ, చావుకి వెళ్తున్నట్టున్నారు" అంది. తన్వీర్ గారు "చాలా బాగుంది, అలాగే ఉండండి" అన్నారు.

గదిలో బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో జడ్జిగారు, మనకన్నా చిన్నావిడ. ఒక పక్క ముసలి డాక్టరు, జలుబుతో ఉన్నాడు. ఇంకో పక్క చక్రాల కుర్చీలో ఒకాయన. ఆఫీసు తరఫున వచ్చేవాళ్ళకి వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది, ఎవరూ రాలేదు.

జడ్జిగారు నవ్వి, "ఎలా ఉన్నారు మిసెస్ ఆగ్డెన్?" అంది.

"బాగానే ఉన్నానండీ, మీరెలా ఉన్నారు?" అన్నాను.

తన్వీర్ గారు కళ్ళు మూసుకున్నారు. చక్రాల కుర్చీ ఆయన మాత్రం పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. "ఆ ప్రశ్నకి నేనూ అదే జవాబు చెబుతానమ్మా. ఇప్పుడు నిజం చెప్పండి, ఇక్కడికి వచ్చేటప్పుడు తలుపు నుంచి ఈ కుర్చీ దాకా రావడానికి ఎన్నిసార్లు ఆగారు?" అన్నాడు. రెండుసార్లు ఆగాను. అతను చూశాడన్నమాట.

నలభై మంది వంట సంగతి అడిగారు. గిన్నె ఎవరు ఎత్తుతారు, పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడతారు, ఇంటికొచ్చాక ఏం చేస్తారు అని అడిగారు. గిన్నె ముట్టుకోనని, నిలబడనని, ఇంటికొచ్చి శుక్రవారమంతా పడుకుంటానని చెప్పాను. నలభై మంది అన్నది కూడా కొంచెం ఎక్కువే, ఇరవై ఆరుగురేనని ఒప్పుకున్నాను. నాకు ఆ గదిలో అన్నిటికన్నా కష్టమైన మాట అదే.

డాక్టరు తొంభై ఒకటో పేజీ తీశాడు. చదివి, తుమ్మి, మళ్ళీ చదివాడు. "దీన్ని ఏ నివేదికలోనూ ఎవరూ ప్రస్తావించలేదే" అన్నాడు ఖాళీ కుర్చీ వైపు చూసి. తర్వాత నీ కాగితం తీశాడు.

పైకి చదివాడు మో. జలుబు గొంతుతో, నెమ్మదిగా, మొత్తం చదివాడు. గౌను దాకా చదివాడు. నేను నా చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాను. చదవడం అయ్యాక, "ఇది నిజమేనా మిసెస్ ఆగ్డెన్?" అని అడిగాడు.

"కాదండీ" అన్నాను.

తన్వీర్ గారి చేతిలోంచి పెన్ను జారిపోయింది.

"ఇందులో ఉన్నది తక్కువ. ఆవిడ నాలుగు రోజులే ఉంది, ఒక్కసారే చూసింది. నేను రోజూ అలాగే ఎక్కుతాను. కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగుతాను. కొన్ని రోజులు అసలు ఎక్కలేను. అలాంటి రోజు వస్తుందని పొద్దున్నే తెలిసిపోతుంది, అప్పుడు ఇక సాయంత్రం దాకా నీళ్ళు తాగను. టీ కూడా తాగను. ఎవరైనా వస్తే వాళ్ళకి పోసి, నా కప్పు ఊరికే పట్టుకుని కూర్చుంటాను" అని చెప్పాను.

జడ్జిగారు కలం కింద పెట్టింది. ఒకసారి మొదలయ్యాక నా నోరు ఆగలేదు మో. ఇరవై నిమిషాలు మాట్లాడాను. రుఖ్సానా ఏడ్చింది, దాని కళ్ళకున్న కాటుకంతా కారింది. నేను ఏడవలేదు. చెబుతుంటే బరువు దిగినట్టు కూడా ఏమీ లేదు, ఒట్టి కోపం వచ్చింది. పదకొండేళ్ళుగా ఇంత చేస్తూ, ఎవరికీ తెలియకుండా చేసినందుకు నన్ను నేను మెచ్చుకుంటూ బతికాను.

మమ్మల్ని బయట కూర్చోబెట్టి పావుగంటలో మళ్ళీ పిలిచారు. పన్నెండు వేశారు. కారు జనవరిలో వస్తుంది. నేను లేచి "మీ సమయం వృథా చేసినందుకు క్షమించండి" అని మొదలుపెట్టాను. తన్వీర్ గారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశారు.

ఇక నీ సంగతి. నీ మీద కోపం పోయిందేమో అనుకుంటున్నావు. పోలేదు. కాకపోతే ఆ కాగితం మీద కాదు నా కోపం. కాగితం మంచి పనే చేసింది. పదకొండు నిమిషాలు వానలో నిలబడ్డావట. ఎందుకు నిలబడ్డావే? నువ్వు లోపలికి రావాల్సింది. ఆరో మెట్టు మీద నేను ఒక్కదాన్నే ఉన్నాను. పైకి ఎలా వెళ్ళాలో, నువ్వొచ్చేలోగా ఎలా శుభ్రం చేసుకోవాలో తెలియక ఏడుస్తున్నాను. తలుపు చప్పుడు నాకు వినబడింది. నువ్వేనని తెలుసు. నేనూ పిలవలేదు.

డిసెంబరు మొదటి వారంలో రా. బెల్లు కొట్టక్కర్లేదు, తాళం తీసే ఉంటుంది. నేను మెట్ల మీద ఉంటే ఉంటాను. నువ్వు లోపలికి వచ్చాకే తలుపు వెయ్యి.

నీ
గ్లెండా